ఎర్ర జెండా పట్టిన రాతి మనిషిని తుమ్మలకోనకు చేర్చుట గురించి

నంద్యాల రైల్వే స్టేషను,
ఒకటో నంబరు ప్లాట్‌ఫారం, తూర్పు కొస,
అక్టోబరు 27, సోమవారం.

రైల్వే యాజమాన్య అభిప్రాయ సేకరణాధికారి గారి సముఖమునకు,
క్యాంపు: నంద్యాల.

ఆళ్లగడ్డ వాస్తవ్యుడు, రాతి శిల్పి సుబ్బరాయుడు, వయస్సు 58 సంవత్సరములు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ప్రయాణికుల రైళ్లు, గూడ్సు రైళ్లు ఎవరి యాజమాన్యంలో ఉండవలెనని తమరు ప్రజలను అడిగినందుకు నా అభిప్రాయం తెలుపుకొనుట – తుమ్మలకోన హాల్టులో ప్యాసింజరు ఆగుటను రద్దు చేయకుండుట – ఒక రాతి మనిషిని ఆ హాల్టుకు చేర్చుట – గురించి.

సూచిక: (1) టికెట్ కౌంటరు పక్క గోడకు అంటించిన తమ ప్రకటన. (2) కీర్తిశేషుడు యోబు పేర వచ్చిన సంజాయిషీ నోటీసు. (3) రాతి మనిషి పేర వచ్చిన సంజాయిషీ నోటీసు.

పై విషయమై తమరికి మనవి చేసుకొనునది ఏమనగా:

1. తమ ప్రకటనలో అభిప్రాయం వంద మాటలకు మించరాదని ఉన్నది. నేను ఈ ప్లాట్‌ఫారం మీద పదకొండు రోజులుగా ఉంటున్నాను. రోజుకు వంద మాటల లెక్కన అనుమతించ ప్రార్థన.

2. తమ ప్రకటన ప్రకారం రైల్వేలు (అ) సర్కారు చేతిలో ఒకటిగా ఉండవలెనా, (ఆ) మనుషుల రైళ్లు, సరకు రైళ్లు విడివిడి సంస్థలుగా ఉండవలెనా, (ఇ) ప్రైవేటు వారికి ఇవ్వవలెనా, (ఈ) ఇతరములా, అన్న వాటిలో ఒకదానికి టిక్కు పెట్టవలెను. మా మార్గంలో ప్రయోగం పేరుతో రెండేళ్ల కిందటనే ఈ పంపకం జరిగిపోయినది. మనుషులు ఎక్కే రైళ్లు ఒక సంస్థకు, గూడ్సు రైళ్లు మరొక సంస్థకు, కింద పట్టాలు మూడో సంస్థకు పోయినవి. పెళ్లి అయిపోయాక జాతకాలు అడుగుతున్నారని నేను అనను. పెద్దలు ఎప్పుడు అడిగినా చెప్పడం మా విధి.

3. ముందుగా యోబు ఎవరో తమరికి తెలియవలెను. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో నల్లమల అడవి నడుమ తుమ్మలకోన అనే హాల్టు ఉన్నది. ముప్పై రెండు ఇళ్లు. బండి బాట లేదు. ఆస్పత్రికైనా, బడికైనా, ఉప్పుకైనా ప్యాసింజరు రైలే గతి. అది అక్కడ ఒక నిమిషం ఆగుతుంది. యోబు ఆ ఊరివాడు, పట్టాల సంస్థలో కీమాను. రోజూ పట్టాల వెంట నడుస్తూ, సడలిన చీలలను సుత్తితో కొట్టి బిగించడం అతని పని. నాదీ సుత్తి పనే గనుక ఆ పని ఎంత కష్టమో నాకు కొంత తెలుసును.

4. కిందటి సంవత్సరం వానాకాలంలో నేను, నా భార్య గిద్దలూరు వైపు ఒక రాతిస్తంభం చూచుకొని ప్యాసింజరులో తిరిగి వస్తున్నాము. తుమ్మలకోన దాటి రెండు కిలోమీటర్లు వచ్చాక బండి ఒక్క ఊపున ఆగిపోయినది. కిటికీలోంచి చూస్తే, వానలో ఒక మనిషి ఎర్ర జెండా తలమీదికి ఎత్తి పట్టాల నడుమ నిలబడి ఉన్నాడు. అతని వెనుక నూరు గజాల దూరంలో పట్టాల కింద మట్టి లేదు. పట్టాలు గాలిలో ఉన్నవి. కింద వాగు పోతున్నది. బండిలో మొత్తం నాలుగు వందల మందిమి. దిగి పోయి అతనికి దండం పెట్టబోతే అతను ఇలా అన్నాడు:

"ఎక్కండప్పా, ఎక్కండి. ఈడ నిలబడొద్దండి, జారుతాది. నాకింగా నాలుగు కిలోమీటర్లుంది నడిచేకి."

ఆ రోజు మొదలు వాన చప్పుడు వింటే నాకు భయం. రాత్రి వాన వస్తే నా భార్య లేచి కూర్చుంటుంది, నేనూ కూర్చుంటాను. ఇది అర్జీలో వ్రాయదగిన మాట కాదు. అయినా వ్రాసితిని.

5. ఇంత పని చేసినవానికి ఒక మెచ్చుకోలు కాగితమైనా ఇప్పించమని మేము కొందరం మూడు సంస్థలకు వ్రాసినాము. యోబు మా ఉద్యోగి కాదు గదా, ఎలా మెచ్చుకోవడమని ప్రయాణికుల సంస్థవారు అడిగినారు. ఆ రైలు మాది కాదు గదా, అది పడిపోకపోతే మాకేమి సంబంధమని పట్టాల సంస్థవారు అడిగినారు. యోబు పేర నిజంగా కాగితం పంపినది గూడ్సు సంస్థ ఒక్కటే. ఆ నాడు మట్టి పోసి దారి బాగుచేసే వరకు తమ గూడ్సు బండి నాలుగు గంటల పది నిమిషాలు ఆగిపోయినదనీ, ఎవరి అనుమతితో జెండా చూపినదీ ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెననీ అందులో ఉన్నది. (సూచిక 2.)

6. యోబుకు చదువు రాదు. ఆ కాగితం మెచ్చుకోలే అనుకొని గోడకు మేకు కొట్టి తగిలించుకొన్నాడు. ఈ మార్చిలో జ్వరం వచ్చి చనిపోయే వరకు అది అక్కడే ఉన్నది. ఒకసారి నేను అతనిని చూడబోతే, చదివి చెప్పమని అడిగినాడు. నేను మొదటి వరుస చదివి, "నీ పేరు రాసినారప్పా" అని చెప్పి ఊరుకొన్నాను. అది అబద్ధం కాదు. అయినా మనసులో ముల్లులా ఉండిపోయినది. అతను పోయిన తర్వాత కూడా అతని భార్య లూదియాను సంజాయిషీ ఏదని అడుగుతున్నారు. మనిషి లేడని ఆమె చెబితే, లేడన్న సంగతినే సంజాయిషీగా వ్రాసిమ్మన్నారు.

7. కాగితం ఎవరూ ఇవ్వలేదు గనుక, నాకు వచ్చిన పని రాయి గనుక, నేను యోబును రాతిలో చెక్కినాను. నల్లరాయి, నాలుగున్నర అడుగులు, మూడు క్వింటాళ్ల ఎనభై కిలోలు. కుడిచేయి ఎత్తి జెండా పట్టుకొని ఉంటాడు. ఎవరూ చెక్కమనలేదు. లూదియా మాత్రం ఒక షరతు పెట్టినది.

"ఇంటి ముందర పెట్టుకోని ఏం జేసుకోను అన్నా? బండి ఆగేకాడ పెట్టు. ఇంగొగటి. పచ్చ జెండా పట్టుకున్నట్టు చెయ్యి. దినామూ నేను సూసింది దాన్నే."

బండిలో ఉన్న మేము చూచినది ఎర్రది. ఆమె ముప్పై ఏళ్లు చూచినది, దారి బాగున్నదని బండ్లకు అతను చూపే పచ్చది. రాతికి రంగు ఉండదు గనుక, అక్కడికి పోయాక తేల్చుకొందామని ఎర్ర రంగు డబ్బా ఒకటి, పచ్చ రంగు డబ్బా ఒకటి సంచిలో వేసుకొన్నాను. మరొక సంగతి. మా పనిలో విగ్రహానికి కళ్లు కడపట, నిలబెట్టే చోటనే తెరుస్తాము. అది దేవుళ్లకు పాటించే పద్ధతి. యోబుకు ఎందుకని మా ఆళ్లగడ్డలో కొందరు అడిగినారు. నా చేతికి వేరే పద్ధతి రాదని చెప్పినాను.

8. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వరకు లారీలో తెచ్చినాను. ఇక్కడి నుంచి అడవిలోకి రైలే దారి. యోబుతో పట్టాల మీద పనిచేసిన అక్కడి గ్యాంగు పనివారు అరుగు కట్టి ఉంచినారు. పోయి దింపడమే తరువాయి అనుకొన్నాను. తమరు అడిగిన యాజమాన్యం సంగతి నాకు అర్థమైనది ఆ తర్వాతనే.

(క) ప్రయాణికుల సంస్థలో వసీం అనే గుమాస్తా మర్యాదగలవాడు. ఒక టికెట్టు మీద ముప్పై ఐదు కిలోల సామాను మాత్రమే తీసుకుపోవచ్చునని చెప్పినాడు. లెక్క వేస్తే పదకొండు టికెట్లకు మూడు వందల ఎనభై ఐదు కిలోలు అవుతున్నది. ఐదు కిలోలు మిగులు కూడా. తుమ్మలకోన పోవలసినవారిని పదిమందిని కూడగట్టి, నేను ఒకణ్ణి కలిసి, పదకొండు టికెట్లు కొన్నాము. ఎవరి ముప్పై ఐదు కిలోలు వారే మోయవలెనని అప్పుడు తెలిపినారు. తల ఒకరిది, జెండా ఒకరిది, చెరి ఒక కాలు ఇద్దరిది అని పదకొండు మంది వ్రాసి సంతకాలు చేసిస్తామన్నాము. వసీం ఆ కాగితం లోపలికి తీసుకుపోయి, తిరిగి వచ్చి చెప్పినాడు. "పెద్దసార్ ఏమంటాండంటే అన్నా, అట్లే ముక్కలు జేసుకోని తెచ్చుకోమంటాండు." తర్వాత అతను నా ముఖం చూచి, టీ తెప్పించినాడు.

(ఖ) గూడ్సు సంస్థవారు రాయి తప్పక తీసుకుపోతామన్నారు. రాయి సరకే గనుక. అయితే ఒక బండికి తక్కువైన సరకు తీసుకోరట. బండి అనగా నలభై రెండు వ్యాగన్లు. వ్యాగనుకు అరవై టన్నులు. నేను ప్లాట్‌ఫారం మీద కూర్చొని సుద్దముక్కతో లెక్క కట్టినాను. ఆరువేల ఆరువందల ముప్పై ఇద్దరు యోబులు కావలెను. ఏడాదికి ముగ్గుర్ని చెక్కగలను. రెండువేల రెండువందల పది సంవత్సరాలు పైచిలుకు పడుతుంది. నా వయస్సు పైన వ్రాసియున్నాను.

(గ) పట్టాలు మావి, వాటి మీద పోయేది ఏదీ మాది కాదు అని పట్టాల సంస్థవారు చెప్పినారు. వారికి నాలుగు చక్రాల తోపుడు ట్రాలీ ఒకటి ఉన్నది. యోబు బతికి ఉండగా దానిని అతనే తోసేవాడు. దానిమీద పెట్టి తోస్తామని గ్యాంగువారు సంతోషంగా ముందుకు వచ్చినారు. కాని రెండు బండ్ల నడుమ ఖాళీ సమయం ఇవ్వవలసినది గూడ్సు సంస్థ. ఖాళీ సమయం మొత్తం వారు ఏడాదికి సరిపడా కొనేసుకొన్నారట. సమయం కూడా కొనవచ్చునని నాకు అంతవరకు తెలియదు.

9. ఇంతలో ఇదే స్టేషనులో మరొక ప్రకటన అంటించినారు. నవంబరు ఒకటో తేదీ నుంచి తుమ్మలకోనలో ప్యాసింజరు ఆగదట. ఆ ఒక్క నిమిషం వల్ల వెనుక వచ్చే గూడ్సులకు ఆలస్యమవుతున్నదట. అయ్యా, నా రాయి ఆలస్యమైతే రాయికి ఏమీ కాదు. ఆ ఊరికి బాట లేదని పైన మనవి చేసుకొన్నాను. లూదియా వారానికి మూడు దినాలు సీతాఫలాల గంప ఎత్తుకొని ఈ బండిలోనే నంద్యాల వస్తుంది. అక్కడ ఒక గర్భిణి ఉన్నది, ఏడో నెల. రేపు ఆమెను ఏ సంస్థ మోస్తుందో తమ ప్రకటనలో నాకు కనపడలేదు.

10. సూచిక 3 గురించి. రాతి మనిషిని పడుకోబెడితే ఎత్తిన చేయి విరుగుతుంది. అందువల్ల ప్లాట్‌ఫారం కొసన నిలబెట్టే ఉంచినాను. ఐదో రోజు వసీం వచ్చి చూచి, "ఏందన్నా చేతిలో, తువ్వాలా?" అని అడిగినాడు. నాకు చిన్నతనం అనిపించినది. ముప్పై ఏళ్లకు పైగా చెక్కుతున్నవాణ్ణి. జెండాను తువ్వాలు అనిపించుకోవడం ఇష్టం లేక అప్పటికప్పుడు ఎర్ర డబ్బా తీసి పూసినాను. గూడ్సులు మామూలుగా ఒకటో నంబరు మీదికి రావు. తొమ్మిదో రోజు పొద్దున ఇటు మళ్లించిన గూడ్సు ఒకటి, ఆగకుండా పోవలసినది, కీచుమని ఆగినది. నలభై రెండు వ్యాగన్లు. డ్రైవరు ఇలియాస్ దిగి పరుగెత్తుకొని వచ్చి, రాతి మనిషి ముందు నిలబడి, "ఏమైందప్పా ముందర?" అని రెండుసార్లు అడిగినాడు. జవాబు రాకపోయేసరికి చేయి పట్టుకొని చూచినాడు. బండి ముప్పై ఏడు నిమిషాలు ఆలస్యమైనది. ఆ సాయంత్రమే "ఎర్ర జెండా చూపిన వ్యక్తి" పేర నోటీసు వచ్చినది. తీసుకొనేవారు లేక రాతి మనిషి మెడకు దారంతో కట్టిపోయినారు.

ఆ వ్యక్తి తరఫున సంజాయిషీ: అతను కావలెనని చూపలేదు. బండి వస్తున్నదని అతనికి తెలియదు. అతనికి ఇంకా కళ్లు తెరవలేదు.

11. ఇక నా అభిప్రాయం. మా పనిశాలలో ఒక రాయి మీద ముగ్గురం పని చేస్తాము. ఒకరు మోటుపని, ఒకరు నగిషీ, ఒకరు నునుపు. రాయి కొన్నవారు ఒకరు, చెక్కించుకొన్నవారు మరొకరు. ఎవరిదైనా సరే, ఉలి పెట్టక ముందు తల నుంచి పాదం దాకా నిలువుగా ఒక సూత్రం గీస్తాము. ముగ్గురం ఆ గీతకే కట్టుబడవలెను. అది లేకుంటే ముగ్గురూ గొప్ప పనివారే అయినా ముక్కు ఒక దిక్కు, బొడ్డు ఒక దిక్కు పోతుంది. ఈ మార్గంలో ముగ్గురు పనివారున్నారు, గీత లేదు. సర్కారే ఉంచుకొంటుందో, పంచుతుందో, అమ్ముతుందో తేల్చేంత చదువు నాకు లేదు. (అ)కు టిక్కు పెట్టవలెనని మనసు పోతున్నది. అయితే ఒకే సర్కారుగా ఉన్న నాడు కూడా మూడు కిటికీల ముందు నిలబడ్డ గుర్తు నాకున్నది. అందుకని (ఈ) ఇతరములు అన్నదానికి టిక్కు పెట్టి, పక్కన లూదియా మాటను వ్రాయుచున్నాను. ప్రకటన చదివి వినిపిస్తే ఆమె అన్నది ఇది:

"యజమాని ఎవుడైతే నాకేందన్నా? ఆపేటోడు ఎవుడో అది చెప్పమను."

12. కాబట్టి తమరు దయయుంచి తుమ్మలకోనలో ఆ ఒక్క నిమిషాన్ని ఉంచవలెననీ, రాతి మనిషిని ఏ సంస్థ బండిలోనైనా, మనిషిగా గాని సరకుగా గాని, తమరికి ఏది తోస్తే అదిగా అక్కడికి చేర్పించవలెననీ, యోబు మీద ఉన్న రెండు నోటీసులనూ, బతికి ఉండగా ఇచ్చినదీ రాయి అయ్యాక ఇచ్చినదీ, రద్దు చేయవలెననీ వేడుకొనుచున్నాను. మొదటిది ఒక్కటే కుదురుతుందంటే మొదటిదే చేయండి. యోబైనా అదే అడిగేవాడు.

తీరిక చేసుకొని చిత్తగించవలెను. చిత్తగించిన పిమ్మట ఏదో ఒకటి చేయవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సుబ్బరాయుడు,
రాతి శిల్పి, ఆళ్లగడ్డ.

తాజా కలం: తుమ్మలకోన హాల్టు, నవంబరు 4.

అయ్యా, ఈ అర్జీ తీసుకొని ఇరవై ఎనిమిదిన తమ క్యాంపుకు పోతే గదికి తాళం ఉన్నది. అభిప్రాయ సేకరణ ముగిసినదనీ, అభిప్రాయాలు సంతృప్తికరంగా ఉన్నవనీ కావలివాడు చెప్పినాడు. కాగితం సంచిలోనే ఉండిపోయినది.

మరునాడు ఒక గూడ్సు బండి ఎదురుబండి కోసం నంద్యాలలో ఆగినది. దాని డ్రైవరు పేరు వ్రాయను. ఆయనకు పిల్లలున్నారు. ఆయన నా దగ్గరికి వచ్చి, "మొన్న నన్ను నిలబెట్టినోడు గదప్పా ఈయప్ప. నేనే దించొస్తా పా" అన్నాడు. గ్యాంగువారు ఎనిమిది మంది, వసీం ఒకడు, పట్టి ఎత్తి వెనుక గార్డు పెట్టెలో నిలబెట్టినాము. తుమ్మలకోనలో దింపడానికి ఇరవై నిమిషాలు పట్టినది. కళ్లు తెరిచే వరకు జెండాతో సహా గోనెపట్ట కప్పి ఉంచినాము. మూడు సంస్థల మనుషులూ ఒక పని మీద చేయి వేయగా చూచినది నేను ఆ ఒక్కసారే. అనుమతి మాత్రం ఎవరిదీ లేదు.

ముప్పై ఒకటో తేదీ పొద్దున కళ్లు తెరిచినాను. ఎన్నో దేవుళ్లకు తెరిచినాను గాని, నేను ఎరిగిన మనిషికి తెరవడం ఇదే మొదలు. లూదియా చాలాసేపు చూచినది. "ముక్కు రవంత పెద్దదైంది" అన్నది. తర్వాత అతని మోకాలి మీద చేయి పెట్టుకొని కూర్చొని ఏడ్చినది. నేనూ ఏడ్చినాను. ఆ పిమ్మట ఆమె కోరినట్టే పచ్చ డబ్బా బయటికి తీసి, మూతకు ఉలి ఆనించినాను.

"వద్దులే అన్నా," అన్నది. "రేపు ఒకటో తేదీ. ఎర్రదే ఉండనీ."

ఒకటో తేదీన ప్యాసింజరు ఆగకుండా పోవలసి ఉన్నది. ఆగినది. ఎర్ర జెండా కనపడిన చోట బండి ఆపవలెనని నియమమట. పట్టుకొన్నవాడు ఏ సంస్థవాడని గాని, బతికి ఉన్నాడా అని గాని నియమంలో అడగలేదట. డ్రైవరు దిగి వచ్చి చూచి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకొని, తిరిగి పోయినాడు. ఆ లోపల లూదియా గంపతో ఎక్కినది. రెండో తేదీన గర్భిణిని కూడా ఎక్కించినాము. నేటికి నాలుగు రోజులు. గూడ్సు బండ్లు కూడా ఆగుతున్నవి. అందుకు చింతించుచున్నాను. ఇప్పటికి పదమూడు నోటీసులు వచ్చినవి. మెడలో చోటు చాలక జెండా కర్రకు కడుతున్నాము.

ఇది తప్పని నాకు తెలుసును. బండ్లు నడిపేవారికి నిజమైన ఎర్ర జెండా ఏదో, రాతిది ఏదో తేడా తెలియకుండా పోతే ఏమవుతుందో, ఆ వానలో బండిలో ఉన్నవాణ్ణి గనుక తమకంటె నాకే ఎక్కువ తెలుసును. అందుకే, ఆగిన ప్రతి డ్రైవరుకూ ఇది రాతి జెండా అని చెప్పేందుకు, ఇల్లు విడిచి ఈ అరుగు మీదనే కూర్చున్నాను. ఈ అర్జీని నేటి ప్యాసింజరు గార్డు చేతికి ఇచ్చి పంపుచున్నాను. ఎటూ ఆగుతుంది గదా.

పచ్చ డబ్బా నా పక్కనే ఉన్నది. లూదియాకు ఇప్పటికీ పచ్చ జెండాయే ఇష్టం, రోజూ ఆ డబ్బా వైపు చూస్తున్నది. ఒక్క నిమిషం ఉంచినామని తమ ఉత్తర్వు అందిన పూటనే మూత తీస్తాను. రంగు ఆరడానికి గంట చాలును.

– సు.